ఈటెకు సాకు లేదు

2023 డిసెంబరు 30న సిడ్నీ నగరపు దక్షిణపు అంచున, క్రొనల్లా దగ్గర ఓక్ పార్క్ అనే చిన్న తీరంలో, ఒక యువకుడు ఈటెకు గుచ్చిన పెద్ద నీలం చేపతో ఒడ్డుకొచ్చాడు. ఈతకు వచ్చినవాళ్లు ఆ చేపను చూడగానే గుర్తుపట్టారు. దాని పేరు గస్. ఆ పేరు పెట్టింది ఆ ఊరివాళ్లే. ఏళ్ల తరబడి ఆ రాళ్ల మధ్యే బతుకుతూ, నీళ్లలో మునిగిన మనుషుల వెనకాలే కుక్కపిల్లలా తిరిగిన చేప అది. ఆ వార్త రోజుల్లోనే ఆస్ట్రేలియా అంతటా పాకింది. ఒక్క చేప చచ్చిపోతే ఊరు ఊరంతా కుమిలిపోవడం మనకు వింతగా తోచవచ్చు. తట్టలకొద్దీ చేపల ముందు నిలబడి రోజూ బేరమాడే జనం మనం. అయినా ఆ ఊరి దుఃఖంలో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. చేపలు తినే మనుషులే, చేపలు పట్టే మనుషులే, ఈ ఒక్క చావును ఎందుకు క్షమించలేకపోయారు?

గస్ ఈస్టర్న్ బ్లూ గ్రోపర్ జాతి చేప. న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రానికి అధికారిక చేప అదే. మీటరుకు పైగా పెరుగుతుంది, ముప్పై ఏళ్లు దాటి బతుకుతుంది. 1969 నుంచీ ఆ రాష్ట్రంలో దాన్ని ఈటెతో కొట్టడం నేరం. గస్ చనిపోయేనాటికి గాలంతో పట్టడానికి మాత్రం అనుమతి ఉండేది. ఆ తర్వాత, 2024 తొలి నెలల్లో, ప్రభుత్వం గాలాన్ని కూడా ఆపేసింది. గాలానికి వీలిచ్చి ఈటెను కాదన్న ఆ పాత చట్టంలో చాలా వివేకం ఉందని నాకనిపిస్తుంది. గాలానికి తగులుకున్న గ్రోపర్‌కు ఇంకా పెనుగులాడే బలం ఉంటుంది, రాళ్లలోకి దూరి తీగ తెంపుకునే దారి ఉంటుంది. ఈటె ముందు దానికి ఏమీ లేదు. మనిషంటే భయం తెలియని చేప దగ్గరకొచ్చి, కళ్లెత్తి చూస్తుంది. మూరెడు దూరంలో నిలబడ్డ అలాంటి జీవి మీద ఈటె విడవడాన్ని వేట అనడానికి నాకు మనసొప్పదు.

చేపల వేటలో దాదాపు ప్రతి పద్ధతికీ ఒక సాకు ఉంది. వల వేసినవాడు పడినదాన్ని పడినట్టు లాగుతాడు. అందులో పిల్ల చేపలుంటాయి, ఒక్కోసారి తాబేలుంటుంది. అది కావాలని చేసింది కాదంటాడు, చాలాసార్లు అది నిజమే. గాలం వేసినవాడికి ఎర మింగేదాకా కింద ఏముందో తెలియదు. ఈటె పట్టినవాడికి ఈ వెసులుబాటు లేదు. అతను చేపను ముందు చూస్తాడు. దాని జాతి, పరిమాణం, వీలైతే ఆడా మగా కూడా పోల్చుకుంటాడు. ఆ తర్వాతే మీట నొక్కుతాడు. దశరథుడు సరయూ ఒడ్డున చీకట్లో శబ్దం విని బాణం వేశాడు, ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు. శ్రవణకుమారుడి చావుకు ఆ పొరపాటైనా ఒక కారణంగా నిలిచింది, శాపం తప్పకపోయినా. కళ్లెదుట కనిపిస్తున్న చేపను గురిచూసి కొట్టినవాడికి ఆపాటి పొరపాటు కూడా దక్కదు.

ఈటె వేటను ఇష్టపడేవాళ్లు ఈ మాటనే గర్వంగా చెబుతారు. ప్రపంచంలో ఇంతకన్నా ఎంపిక చేసి పట్టే పద్ధతి మరొకటి లేదంటారు. ఆ మాట నిజం, దాన్ని నేను గౌరవిస్తాను. సముద్రపు అడుగును దున్నుకుంటూ పోయే ట్రాలర్ వలతో పోలిస్తే, ఊపిరి బిగపట్టి మునిగి ఒకే చేపతో పైకొచ్చే మనిషి సముద్రానికి చేసే హాని ఎంత? కానీ ఎంపిక ఉందని చెప్పడంతో సరిపోదు, ఆ ఎంపిక దేని మీద పడుతోందో అడగాలి. ఈటె పట్టిన చెయ్యి సహజంగా అన్నిటికన్నా పెద్ద చేపనే వెతుకుతుంది. గుంపులో పెద్దదే ముందు పోతుంది.

చిన్న చేపను వదిలెయ్యాలని మనకు తెలుసు. పెద్దదాన్ని కూడా వదలాల్సిన సందర్భాలు ఉంటాయన్న సంగతి ఇంకా మన బుర్రకెక్కలేదు. 2018లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనం మూడు వందలకు పైగా సముద్ర చేపల జాతులను పరిశీలించి తేల్చిందేమిటంటే, తల్లి చేప బరువు పెరిగిన దామాషా కన్నా గుడ్ల సంఖ్య ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. రెండు కిలోల ఆడ కాడ్ చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కన్నా, ముప్పై కిలోల తల్లి ఒక్కటి పెట్టేవి ఎక్కువ. జనతో నిండిన ముసలి చేపను కొట్టినవాడు ఒక చేపనే కొట్టాననుకుంటాడు. ఆ తీరంలో రాబోయే ఏళ్ల పంటలో ఎంత భాగం ఆ ఒక్క ఈటెకు పోయిందో అతనికి ఎవరూ లెక్క చెప్పరు.

గ్రూపర్లనే మరో రకం చేపల విషయంలో ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. మన తూర్పు తీరంలో బొంత అని పిలిచే చేపల బంధువులే ఇవి. మధ్యధరా సముద్రంలో మేరూ అనే గ్రూపర్ ఆడదిగా బతుకు మొదలుపెట్టి, చాలా ఏళ్లు పెరిగి పెద్దదయ్యాకే మగదిగా మారుతుంది. కాబట్టి ఒక రాతిగుట్ట దగ్గర అన్నిటికన్నా పెద్దవి మగవే. ఈటెలు వరసగా పెద్దవాటినే ఏరుకుంటూ పోతే చివరికి మగచేపే లేని గుంపు మిగులుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్, ఇటలీ తీరాల్లో ఈటె వేట సరదాగా ప్రబలి, చాలాచోట్ల మేరూ కనిపించడమే మానేసింది. 1993లో ఫ్రాన్స్ తన మధ్యధరా తీరంలో మేరూను ఈటెతో కొట్టడాన్ని నిషేధించింది. పోర్ క్రో జాతీయ పార్కులో ఆనాడు పదుల్లో ఉన్న మేరూల లెక్క ఇరవై ఏళ్లు తిరిగేసరికి వందల్లోకి వెళ్లింది. మనిషి చెయ్యి వెనక్కి తీసుకుంటే సముద్రం ఎంత తొందరగా మన్నిస్తుందో ఆ తీరంలో చూడవచ్చు.

ఈ వేటకు మొదటినుంచీ ఒక హద్దు ఉండేది. దాన్ని ఏ ప్రభుత్వమూ గీయలేదు. అది మనిషి ఊపిరి. గాలి పీల్చుకుని మునిగినవాడు ఒకటి రెండు నిమిషాల్లో పైకి రావాల్సిందే. అంత లోతుకే వెళ్లగలడు, అన్నిసార్లే మునగగలడు. అతని చేతికి అందని లోతుల్లో తల్లి చేపలు క్షేమంగా ఉండేవి. దక్షిణ కొరియాలోని జెజు దీవి హేన్యోలను ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. నత్తగుల్లలు, అబలోన్లు, ఆక్టోపస్‌ల కోసం సముద్రంలో మునిగే ఆడవాళ్లు వాళ్లు, చాలామంది డెబ్బై దాటినవాళ్లు. నీటిపైకి రాగానే వాళ్లు వదిలే ఊపిరి ఈలలా వినిపిస్తుంది, దాన్ని సుంబిసోరి అంటారు. 1970ల్లో రబ్బరు దుస్తులు వచ్చాయి, తొడుక్కున్నారు. గాలి సిలిండర్లను మాత్రం వద్దన్నారు. ఎన్ని రోజులు దిగాలో, ఎంత సైజు దాటినవే తియ్యాలో వాళ్ల సంఘాలే కట్టుబాటు పెట్టుకుంటాయి. 2016లో యునెస్కో వారి సంస్కృతిని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

హేన్యోల భాషలో ముల్‌సుమ్ అని ఒక మాట ఉంది, నీటి ఊపిరి అని అర్థం. ఊపిరి అయిపోయిందని తెలిసినా, కళ్లెదుట మరో అబలోన్ కనబడి, ఆశ ఆపుకోలేక ఇంకొక్క క్షణం ఉండిపోయినవాళ్లు నీటిలోనే పీల్చుకునే ఆఖరి శ్వాస అది. ఈటె వేటగాళ్లలో నేడు ఎక్కువమందిని బలిగొంటున్నదీ ఇదే. ముందుగా గబగబా గాలి పీల్చి వదిలి, శరీరం ఇచ్చే హెచ్చరికను అణగదొక్కి, పెద్ద చేప కోసం ఇంకాసేపు కింద ఉండి, పైకొస్తూ ఉపరితలానికి కొద్ది అడుగుల దూరంలో స్పృహ తప్పుతారు. అందుకే ఒకరు మునిగితే ఒకరు పైన కనిపెట్టి ఉండాలన్న నియమాన్ని అనుభవజ్ఞులు ఎప్పటికీ విడవరు. ఆశకు హద్దు పెట్టుకోవడం చేపకు ఎంత మేలో మనిషికీ అంతే మేలని హేన్యోలకు ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది.

గాలి సిలిండర్ ఆ హద్దును చెరిపేసింది. ముప్పై మీటర్ల లోతులో తాపీగా కూర్చుని, ఒక్కో గుహా వెతుకుతూ, పారిపోయిన చేప తిరిగొచ్చేదాకా ఎదురుచూడవచ్చు. ఆ తేడాను గుర్తించిన దేశాలు సిలిండర్‌తో ఈటె వేటను ఆపాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో అది నిషిద్ధం. పసిఫిక్‌లో అమెరికన్ సమోవా 2001లో, గువామ్ 2020లో అదే దారి పట్టాయి. బహామాస్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ సిలిండరే కాదు, మీట నొక్కితే దూసుకుపోయే స్పియర్‌గన్ కూడా కుదరదు. రబ్బరు పట్టీని చేత్తో లాగి వదిలే సాదా ఈటె ఒక్కటే వాడాలి. పరికరం ఎంత సాదాదైతే మనిషి అంత దగ్గరకు వెళ్లాలి, అన్నిసార్లు గురి తప్పాలి. తప్పించుకునే అవకాశాన్ని చట్టమే చేపకు తిరిగి ఇచ్చిందన్నమాట.

సిలిండర్ కన్నా క్రూరమైనది టార్చిలైటు. సాలమన్ దీవుల్లో బంప్‌హెడ్ అనే పెద్ద చిలకచేప ఉంది. నుదుట బుడిపె, మీటరు దాటిన పొడవు, నలభై కిలోలకు పైగా బరువు. ఒక్కో చేప ఏడాదికి టన్నులకొద్దీ పగడపు రాయిని కొరికి నమిలి ఇసుకగా వదులుతుందని లెక్కగట్టారు. పగలు దాన్ని సమీపించడం మహా కష్టం. రాత్రి మాత్రం లోతులేని చోట గుంపులుగా కదలకుండా నిద్రపోతుంది. 1970ల్లో నీటిలో వెలిగే టార్చిలు ఆ దీవులకు చేరాక, నిద్రలో ఉన్న గుంపులను ఈటెలతో ఒక్కొక్కటిగా తీసుకోవడం మొదలైంది. వేట ఎక్కువ సాగిన చోట్ల ఆ చేప తరిగిపోయింది. పగటిపూట పదిసార్లు ఓడించి ఒకసారి చిక్కే చేపకూ, నిద్రలో చచ్చే చేపకూ మధ్య తేడా ఏమిటో ఆ దీవుల పెద్దలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తేడాను ముందుగా పట్టించుకోనిది బజారే.

గుడ్లు పెట్టే కాలంలో వేట ఇంకో తప్పు. గ్రూపర్లు చాలామటుకు ఏడాదిలో కొద్ది రోజులు, చంద్రుడి లెక్క తప్పకుండా, తరతరాలుగా అదే చోటికి వందల్లో వేలల్లో చేరతాయి. ఆ ధ్యాసలో వాటికి మనిషి భయం ఉండదు. కేమన్ దీవుల్లో లిటిల్ కేమన్ పడమటి కొసన నాసౌ గ్రూపర్ల అలాంటి కూటమి ఒకటి 2001లో వేటగాళ్ల కంటబడింది. రెండే సీజన్లలో వేలకొద్దీ చేపలు పోయాయి. అక్కడ వాడింది ఎక్కువగా గాలాలే, కానీ కథ ఈటెకూ అక్షరాలా వర్తిస్తుంది. 2003లో ప్రభుత్వం ఆ చోట వేట ఆపింది, ఆ కూటమి మళ్లీ కోలుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఈ జ్ఞానం మనకు కొత్తదేమీ కాదు. అశోకుడు తన ఐదో స్తంభ శాసనంలో చూలుతో ఉన్నవీ, పాలిచ్చేవీ అయిన మేకలనూ గొర్రెలనూ పందులనూ చంపరాదన్నాడు. పున్నమి చుట్టూ వచ్చే ప్రత్యేక దినాల్లో చేపలను చంపడమూ అమ్మడమూ కూడదన్నాడు. ఆయన ఉద్దేశం ధర్మమే అయినా, చంద్రుడి తిథులను చేపల వేటతో ముడిపెట్టిన శాసనం ఇరవై రెండు శతాబ్దాల కిందటే ఈ నేల మీద ఉందని గుర్తుపెట్టుకోవాలి. మన సముద్రంలోనే లక్షద్వీప్‌లో బిత్రా అనే చిన్న దీవి దగ్గర స్క్వేర్‌టెయిల్ గ్రూపర్లు అలాగే కూడతాయి. మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అక్కడ మునిగి చూసి, మరెక్కడా రాయని ప్రవర్తనను నమోదు చేశారు. మామూలుగా ఒక్కో మగచేప తన జాగా కాచుకుని ఒక్కో ఆడచేపను మెప్పిస్తుంది. బిత్రాలో మాత్రం కొన్ని మగచేపలు ఆడచేపల గుంపును మొత్తంగా వెంటబెట్టుకుని తిరిగాయి. చేపలు అంత కిక్కిరిసి ఉండటం వల్లనే అది సాధ్యమైందని వాళ్లు భావించారు. అంటే కూటమి పలచబడితే ఆ ప్రవర్తనే మాయమవుతుంది. దాన్ని చూసే అవకాశం కూడా మన పిల్లలకు మిగలదు.

ఇక్కడ మన గోదావరి వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటాం. ఆ చేప సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ పైకొచ్చేది గుడ్లు పెట్టడానికే. కడుపులో జనతో వస్తుంది కనుకే దానికంత ధర. ధవళేశ్వరం దిగువన వేలు పోసి పులస కొనే మనం బహామాస్ చట్టాన్ని మెచ్చుకోవడం తేలిక. నేను కూడా ఆ రుచి ఎరిగినవాణ్నే. అందుకే ఈ మాట చెప్పకుండా దాటవేయలేకపోతున్నాను.

ఈటె పట్టినవాళ్లే దాన్ని కిందపెట్టిన కథలు ఈ విషయంలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన రాన్ టేలర్ 1965లో తహితిలో జరిగిన ప్రపంచ ఈటె వేట పోటీల్లో విజేత. భార్య వాలరీ కూడా ఆస్ట్రేలియా మహిళల్లో విజేతే. ఆ రోజుల్లో పోటీల లెక్క సులభం. ఎవరి దగ్గర ఎక్కువ జాతులు, ఎక్కువ బరువు ఉంటే వాళ్లది గెలుపు. ఆ కాలంలోనే సిడ్నీ చుట్టుపక్కల గ్రే నర్స్ అనే సొరచేపను వందల్లో చంపారు. ఈటె చివర పేలుడు గుండు అమర్చి, గుహల్లో నెమ్మదిగా తిరిగే చేపల తలకు ఆనించి పేల్చేవారు. బయటికి పొడుచుకొచ్చిన పళ్ల వల్ల అది మనుషులను తినే సొరలా కనిపిస్తుంది. నిజానికి మనిషి జోలికి రాని జాతి. రెండేళ్లకొకసారి, రెండే పిల్లలను కంటుంది. అలాంటి జీవిని ధైర్యానికి గుర్తుగా చంపి ఫొటోలు దిగారు.

టేలర్ దంపతులు పోటీలు మానేశారు. కెమెరా పట్టుకుని అదే నీళ్లలోకి మళ్లీ దిగారు. జాస్ సినిమాలో కనిపించే నిజమైన సొరచేపల దృశ్యాలు తీసింది వాళ్లే. సొరల మీద ఆ సినిమా రేపిన భయాన్ని తగ్గించడానికి మిగిలిన జీవితమంతా పాటుపడిందీ వాళ్లే. 1984లో న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం గ్రే నర్స్‌కు రక్షణ కల్పించింది. ప్రపంచంలో చట్టం రక్షణ పొందిన మొట్టమొదటి సొరచేప అది. ఆ చట్టం కోసం గట్టిగా అడిగినవాళ్లలో ఒకనాటి ఈటె వేట విజేతలు ఉన్నారు. అంతకు ముందు తరంలో ఆస్ట్రియా యువకుడు హాన్స్ హాస్‌దీ అదే దారి. 1937లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో అమెరికన్ రచయిత గై గిల్‌పాట్రిక్ దగ్గర ఈటె వేట నేర్చుకుని, కొద్ది కాలానికే నీటిలో పనిచేసే కెమెరా తయారుచేసుకున్నాడు. ఈటెతో అంత దగ్గరగా చూసినవాళ్లకే అది వదిలేయాలనిపించడం యాదృచ్ఛికం అనుకోను.

అందరూ వదిలెయ్యాలని నేను అనడం లేదు. తినడానికి ఒక చేపను తెచ్చుకునేవాణ్ని తప్పుపట్టే హక్కు చేపల పులుసు తినే ఎవరికీ లేదు. నా అభ్యంతరం రెండు చోట్ల. మొదటిది, తినగలిగిన దానికి మించి కొట్టడం, ఫొటో కోసం, లెక్క కోసం. రెండోది, గాయపరచి వదిలెయ్యడం. దూరం నుంచి, సరైన కోణం లేకుండా వేసిన ఈటె చేప కండను చీలుస్తుంది. లోపల విచ్చుకునే ముల్లు పట్టు చిక్కకపోతే చేప గుహలోకి పోయి గంటలకొద్దీ చస్తుంది. ఈటె వేసినవాడు దాన్ని చంపినట్టే, కానీ అది తిండికి అందదు. మంచి వేటగాళ్లు మొప్పల వెనక, వెన్నెముక చోటు దొరికితేనే ఈటె వదులుతారు. పట్టిన చేపను జపనీయులు ఇకెజిమె అనే పద్ధతిలో మెదడులోకి సూది పొడిచి క్షణంలో చంపుతారు. మాంసం రుచి బాగుంటుందని మొదలైన పద్ధతే అయినా, చేప పడాల్సిన బాధ అంతటితో ముగుస్తుంది.

ఈటె కావాల్సిన చోటు కూడా ఉంది. మన హిందూ మహాసముద్రం, పసిఫిక్‌లకు చెందిన లయన్‌ఫిష్ 1980ల్లో ఫ్లోరిడా తీరంలో కనిపించి, కరీబియన్ అంతటా పాకి, అక్కడి పగడపు దిబ్బల పిల్ల చేపలను తినేస్తోంది. దానికి అక్కడ పెద్దగా శత్రువులు లేరు. వలకు చిక్కదు, గాలానికి సరిగా రాదు. దాన్ని ఏరివేయడానికి ఈటే మందు. ఫ్లోరిడాలో దాన్ని ఎన్నైనా కొట్టవచ్చు, కొట్టమనే ప్రోత్సహిస్తారు. ఒక్కో చేపను చూసి ఎంచుకునే గుణం వల్లనే ఇది కుదిరింది. అదే గుణం ఓక్ పార్క్‌లో గస్ ప్రాణం తీసింది.

మన దగ్గర ఈ వేట ఇంకా వ్యాపారంగా ముదరలేదు. అందుకే ఇప్పుడే మాట్లాడాలి. విశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో స్కూబా నేర్పేవాళ్లున్నారు. ఊపిరి బిగపట్టి మునగడం మీద యువతకు ఆసక్తి పెరుగుతోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధాన్ని మన తీరంలో మరబోట్ల మత్స్యకారులు ఏటా భరిస్తున్నారు. పొట్టకూటికి వేటాడేవాడు రెండు నెలలు ఆగుతున్నప్పుడు, సరదాకు ఈటె పట్టినవాడికి అంతకు తక్కువ కట్టుబాటు ఉండటం ఏ విధంగానూ న్యాయం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం జెయింట్ గ్రూపర్‌ను కాపాడుతోంది. అదొక్కటి చాలదు. సిలిండర్‌తో, టార్చితో ఈటె వేటను తీరమంతా ఆపాలి. గ్రూపర్లకు కింది హద్దుతో పాటు పై హద్దు కూడా పెట్టాలి. గుడ్లు పెట్టే చోట్లు తెలిసిన కొద్దీ, ఆ తిథుల్లో వాటిని మూసెయ్యాలి. ఇవి కాగితం మీదికి రాకముందే మునగడం నేర్పే ప్రతి శిక్షకుడూ తన శిష్యులకు చెప్పవచ్చు, దానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.

బ్లూ గ్రోపర్లు కూడా మేరూల్లాగే ఆడవిగానే బతుకు మొదలుపెడతాయి. అప్పుడు వాటి రంగు గోధుమ, ఆకుపచ్చ కలిసినట్టుంటుంది. ఒక చోటున్న పెద్ద మగది పోతే, మిగిలిన ఆడచేపల్లో పెద్దది నెమ్మదిగా నీలానికి తిరిగి ఆ జాగా అందుకుంటుంది. గస్ తిరిగిన రాళ్ల మధ్య కూడా ఏదో ఒక చేప అలా రంగు మారుతుంది. నీళ్లలో మునిగినవాళ్ల దగ్గరికి అది కూడా అలాగే వస్తుంది.